బాబూమియా దుకాణంలో దెబ్బల తూకం

చలి మొదలైందంటే పత్తర్‌గట్టి వెనక సందులో బాబూమియాకు తీరిక ఉండదు. జనం పాత రజాయిలు, గడ్డలు కట్టిన పరుపులు మోసుకొస్తారు. ఆయన వాటిని విప్పి, దూదిని కాంటాకు తగిలించి, తూకం వాళ్లకు చూపించి, ఆ తర్వాతే ఏకే విల్లు చేతికి తీసుకుంటాడు. ఏకిన దూది గాలిలో లేచి తిరుగుతుంటే, లోపల గోడకు ఆనుకుని నీలమ్మ దబ్బనంతో పరుపులు కుడుతుంది. మొగుడు పోయినప్పటి నుంచి, అంటే పదకొండేళ్లుగా, ఆమెకు అదే పని. సాయంత్రం ఉప్పుగూడలో ఇల్లు చేరేసరికి తల నెరిసిందో, దూది పడిందో తెలియకుండా ఉంటుంది.

పనితోపాటే అరుగు మీద లొల్లి కూడా నడుస్తుంది. ఏ రోజైనా ఒకటే లొల్లి, అమెరికాలో ఉండే బాక్సింగ్ వస్తాదు అలీ గురించి, అతన్ని గట్టిగా కొట్టింది ఎవరని. అలీని వాళ్లెవరూ చూడలేదు. పేపర్లో బొమ్మ చూస్తారు, అంతే. అయినా సొంత మేనమామ సంగతిలాగా మాట్లాడుకుంటారు.

"అలీకి చుక్కలు చూపెట్టింది ఫ్రేజరే," అంటాడు రైల్వేలో పనిచేసే రామ్‌చందర్. "పదిహేనో రౌండుల ఎడమ చేత్తోని ఒక్కటిచ్చిండు. గంత మనిషి ఎల్లకిల వడ్డడు."

"పడి లేసిండు గద!" గాజులమ్మే షఫీఉద్దీన్ ఊరుకోడు. "నార్టన్ అయితె అలీ దవడనే ఇరగ్గొట్టిండు. ఇరిగిన దవడ లేస్తదా మియా?"

"మరి ఫోర్‌మన్?" అంటాడు బాబూమియా.

"గాయన ఎనిమిదో రౌండుకే ఆయాసమొచ్చి కూలవడ్డడు," అంటాడు షఫీఉద్దీన్.

"నిన్ను ఊదితె కోఠీల పడ్తవ్, నువ్వు ఫోర్‌మన్‌కు ఆయాసమంటవా!"

మాటలతో తెగకపోతే కాంటా దగ్గరికి వస్తారు. కొక్కేనికి ఒక సంచెడు దూది తగిలించి, దాని ముందు పేరు చెప్తారు. ఆ పేరుగల మనిషి ఎంత గట్టిగా కొట్టేవాడైతే ముల్లు అంత కిందికి దిగుతుంది. నార్టన్ అంటే పద్నాలుగు కిలోలు. ఫోర్‌మన్ అంటే పదహారు. ఫ్రేజర్ అంటే పదిహేడు దాటి, కాసేపు ఊగి, అక్కడ ఆగుతుంది.

"ముల్లు దెబ్బ చెప్తది గని మనిషి జిద్దు, పంతం చెప్తదా?" అంటాడు షఫీఉద్దీన్. లొల్లి మళ్లీ మొదటికి వస్తుంది.

కాంటా ఎప్పటి నుంచి ఇట్లా చేస్తోందో ఎవరూ అడగలేదు. బాబూమియా తండ్రి ఉన్నప్పుడు కుస్తీ పహిల్వాన్ల పేర్లు తూచేవాళ్లట. గిరాకీలకు మాత్రం ఒక చిక్కు ఉండేది. వాళ్ల దూది తూస్తున్నప్పుడు ఎవరైనా పేరు తీస్తే లెక్క తప్పేది. అందుకని బాబూమియా ముందే అరిచేవాడు: "తూకం అయితున్నది, పేర్లు తియ్యకుండ్రి!" అప్పుడు సందులో పోయే పాలవాడు కూడా నోరు మూసుకునేవాడు.

ఆ ఏడు మనీలాలో అలీ, ఫ్రేజర్ మూడోసారి తలపడ్డారు. ఆ చలికాలమే నీలమ్మ బిడ్డ సుశీలకు సంబంధం కుదిరింది. పిల్లవాడి పేరు ప్రహ్లాద్. చాంద్రాయణగుట్టలో ఇల్లు, ఏదో ఆఫీసులో గుమాస్తా పని. మొదటి భార్య మెట్ల మీద జారిపడి పోయిందన్నారు. పిల్లలు లేరు. గొంతు పెంచి ఎరగడని, నెమ్మదస్తుడని చుట్టాలు చెప్పారు. పెళ్లి ఇంక ఎనిమిది రోజులే ఉంది. ఎందరో పెళ్లికూతుళ్లకు పరుపులు కుట్టిన నీలమ్మ ఇప్పుడు తన బిడ్డకు కుట్టాలి. "దూది నాది, కుట్టు నీది చెల్లె," అన్నాడు బాబూమియా.

ఆ రోజు ఎందుకో పొద్దుటి నుంచి దూది పైకి లేవలేదు. విల్లు ఎంత మోగించినా తడిసిన దానిలా నేలకు అంటుకునే ఉంది. "ముసురు పట్టేటట్టున్నది," అనుకున్నాడు బాబూమియా. ఆకాశంలో ఒక్క మబ్బు లేదు.

మధ్యాహ్నం ప్రహ్లాద్ వచ్చాడు. ఆ దుకాణం మెట్లెక్కడం అతనికి అదే మొదలు. తెల్ల చొక్కా, చేతిలో మిఠాయి పొట్లం. నీలమ్మకు వంగి దండం పెట్టి, అరుగు మీద కూర్చుని, ఎప్పటి నుంచో అక్కడివాడిలాగా లొల్లిలో కలిశాడు.

"దవడ మీద కొట్టుడు గొప్ప గాదు షఫీ భాయ్," అన్నాడు మెల్లగా. "దవడ ఊరందరికి కనవడ్తది. ఫ్రేజర్ తెలివి చూడుండ్రి, పక్కటెముకల కింద కొడ్తడు. గాడ కొడితె మచ్చ బయటికి రాదు. మనిషి మాత్రం లోపల్లోపల్నే మెత్తవడ్తడు."

"వాహ్!" అన్నాడు షఫీఉద్దీన్. లోపల నీలమ్మ దబ్బనం సగం దిగి ఆగిపోయింది.

బాబూమియా పెళ్లి పరుపు దూదిని సంచికి ఎత్తి కాంటాకు తగిలించాడు. "తూకం అయితున్నది, పేర్లు తియ్యకుండ్రి!"

కానీ రామ్‌చందర్‌కు అప్పటికే ఊపు వచ్చేసింది. ఫ్రేజర్‌ను మెచ్చుకునేవాడు ఇన్నాళ్లకు ఒకడు దొరికాడు మరి. "శెభాష్ ప్రహ్లాదూ! నువ్వే అసలు మొగోనివి!" అనేసి నాలుక కరుచుకున్నాడు.

ముల్లు దిగింది. నార్టన్‌ను దాటింది, ఫోర్‌మన్‌ను దాటింది, ఫ్రేజర్ దగ్గర ఆగనైనా ఆగలేదు. చివరి గీతను తాకి ఇంక పోవడానికి చోటు లేక వణికింది. దూలం మూలిగింది. దూది సంచి సాగి సాగి నేలకు ఆనింది.

బాబూమియా సంచి ఎత్తి మళ్లీ తగిలించి తన పేరు చెప్పాడు. ముల్లు దూది బరువు దగ్గర్నుంచి కదల్లేదు. రామ్‌చందర్ తన పేరు చెప్పుకున్నాడు. వెంట్రుకంత కదిలింది. "చిన్నప్పుడు మా తమ్మున్ని..." అని గొణిగి తల దించుకున్నాడు.

ప్రహ్లాద్ నవ్వాడు. "ముసలి కాంటా. తుప్పు వట్టింది." లేచి లోపలికి వచ్చి నీలమ్మ ముందు కూర్చున్నాడు. గోళ్లు శుభ్రంగా కత్తిరించుకున్న మెత్తటి చేతులు. "అత్తమ్మా, కార్డులు పంచినం. ఎనిమిది రోజులల్ల పెండ్లి. నలుగుట్ల నవ్వులపాలు గావద్దు."

నీలమ్మ ఆ చేతులనే చూస్తూ అడిగింది. "మెట్లెన్ని బిడ్డా?"

"ఏంది?"

"మీ ఇంట్ల. ఆ పిల్ల జారిన మెట్లు."

"మూడు," అన్నాడు ఆలోచించకుండా. అన్నాక నవ్వు పోయింది.

"భాయ్, దూది దించు," అంది నీలమ్మ. "పరుపు వద్దు."

ఆ వారమంతా చుట్టాలు ఇంటి మీదికొచ్చి నానా మాటలన్నారు. కాంటా మాట విని బిడ్డ బతుకు పాడు చేస్తావా అని ఎవరూ అనలేదు. కాంటాను కాదనేవాళ్లు ఎవరూ లేరు. పేరు పోయింది, ఇంకెవరొస్తారు అన్నారు. సంబంధం కుదిరినప్పటి నుంచి మెతుకులు ఏరుకుంటూ తినే సుశీల మాత్రం, పెళ్లి తప్పిన రాత్రి రెండుసార్లు అన్నం పెట్టించుకుంది.

రెండు నెలలకు రామ్‌చందర్ ఒక కబురు తెచ్చాడు. "ప్రహ్లాద్ గుట్టలనే ఇంకో పిల్లను ఖాయం జేసుకున్నడట. తండ్రి లేని పిల్ల. వచ్చే బేస్తవారమే పెండ్లి."

నీలమ్మ ఆ కుట్టు ముగించింది. దారం తెంపింది. లేచి దూది దులుపుకుంది.

"భాయ్, కాంటా ఇయ్యాల నాకిస్తవా?"

"కాంటా లేకుంట దుకాణమెట్ల చెల్లె?" అంటూనే బాబూమియా స్టూలెక్కి కాంటాను దించాడు. పాత పరుపు గుడ్డలో చుట్టి ఇచ్చి, విల్లు గోడకు పెట్టి, తలుపులు దగ్గరకు వేశాడు.

చాంద్రాయణగుట్టలో బస్సు దిగి, నీలమ్మ నలుగురిని అడిగి ఆ పెళ్లిపిల్ల ఇల్లు పట్టుకుంది. తలుపు తీసిన ఆమెకు ఇంచుమించు తన వయసే ఉంటుంది. మోచేతుల దాకా పసుపు. లోపల ఆడవాళ్లు పాటలు పాడుతూ రోట్లో దంచుతున్నారు.

"ఎవలమ్మా?"

"పరుపులు కుట్టేదాన్ని చెల్లె. మీ ఇంట్ల జర దూది ఉన్నదా?"

"దూదా?" ఆమె ఈ కొత్త మనిషిని, చేతిలోని మూటను ఎగాదిగా చూసింది. "ఒక దిండు ఉన్నది. సాలుతదా?"

"సాలు," అంది నీలమ్మ. మూట విప్పి, కాంటా తగిలించడానికి గుమ్మం మీద మేకు ఎక్కడుందా అని వెతికింది.