ఆరని బల్బు

"మళ్ళీ లోపలి లైటు ఆర్పకుండా దిగావా?" పొద్దున భర్త రఘునందన్ అన్న మాట జనక్‌పురిలోని బడి దాకా వాసవి వెంటే వచ్చింది. ఆర్.కె. పురం క్వార్టర్స్‌లో నలుగురి చేతా ఆ పాత మారుతిని తోయించి, వాళ్ళు వింటుండగానే అన్నాడు. "ఫిజిక్స్ టీచరట! ఇంకొక్కసారి బ్యాటరీ దిగిందా, తాళంచెవి నీ చేతికివ్వను. ఉద్యోగమూ వద్దు, ఏమీ వద్దు." బాల్కనీలోంచి అత్తగారు అందుకున్నారు. "పిల్లాజెల్లా లేనిదానికి కారొకటి తక్కువైందిట!" వంటా, ఆవిడ మందులూ, అతని చొక్కాల ఇస్త్రీ ముగించుకుని వచ్చి తొమ్మిదో తరగతికి విద్యుత్తు పాఠం చెప్పే మనిషికి ఒక్క లైటు ఆర్పడం రాదన్నమాట. కానీ పదేపదే అంటూంటే తన మీద తనకే నమ్మకం పోయింది. రాత్రి మెట్లెక్కాక మళ్ళీ దిగొచ్చి అద్దంలోంచి కారులోకి చూసేది. నిజంగానే మతి పోతోందేమోనని భయం వేసేది.

శనివారం కావడంతో బడి ఒంటిపూటే. పిల్లలు వెళ్ళిపోయాక, పన్నెండు వోల్టుల బల్బూ, రెండు తీగలూ ల్యాబులోంచి తెచ్చుకుని ఆవరణలోనే బానెట్ ఎత్తింది. లోపలి లైటు ఊడదీసింది. బ్యాటరీ మైనస్ తీగ విప్పి, మధ్యలో తన బల్బు కలిపింది. అన్నీ ఆపేసిన కారులో అది వెలగకూడదు. మసగ్గా వెలిగింది. అంటే లోపలి లైటు కాక ఇంకేదో కరెంటు లాగుతోంది. తప్పు తనది కాదని తెలిసి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇక ఫ్యూజులు ఒక్కొక్కటే లాగసాగింది. ఏది లాగితే బల్బు ఆరుతుందో, కరెంటు తాగేది ఆ దారిలో ఉన్నట్టు. అన్నీ లాగేసినా బల్బు ఆరలేదు. అంటే ఫ్యూజుల్ని తప్పించి, ఎవరో బ్యాటరీకే నేరుగా తీగ కలిపారు.

ఆ తీగను పట్టుకుని వెతుక్కుంటూ పోయింది. డాష్‌బోర్డు వెనక చార్జరు, దానికి టేపు చుట్టిన సెల్‌ఫోను. రఘునందన్ పాత ఫోనే. చేతిలోకి తీసుకుని చూస్తుండగానే తెర వెలిగింది. చప్పుడు లేదు. భర్త నంబరు. ఆమె ఏ మీటా నొక్కలేదు, కాల్ తనంతట తనే కలిసింది. సెకన్లు కదలసాగాయి.

కారులో మాటలు వినడానికి రఘునందన్ పెట్టిన ఫోను ఇది. ఇంటికెళ్ళే దారిలో, ఈ కారులోనే తోటి టీచరు వీణతో చెప్పుకున్నవన్నీ విన్నాడు. డెహ్రాడూన్ హాస్టలు స్కూల్లో ఉద్యోగం వచ్చిందనీ, సోమవారంలోగా చేరాలనీ, ఆయనకు తెలిస్తే చంపేస్తాడనీ. తాళంచెవి లాక్కుంటానన్నది అందుకే. లైటు ఆర్పలేదని తిడుతున్నప్పుడు కూడా బ్యాటరీ ఎందుకు దిగుతోందో అతనికి తెలుసు.

"ఏమయిందే, మళ్ళీ దిగిపోయిందా?" అంటూ వీణ వచ్చింది. వాసవి పెదాల మీద వేలు పెట్టి, ఫోను తెర మీది భర్త నంబరు చూపించింది. వీణ మొహం పాలిపోయింది.

"లేదులేవే, బాగానే ఉంది," వాసవి గొంతు మామూలుగానే పలికింది. "లైటు నేనే మర్చిపోయుంటాను. ఆ డెహ్రాడూన్ గొడవ కూడా మానేశా. ఆయన మాట వింటే పోలా! పేపర్లు దిద్దాలి, చీకటి పడేదాకా ఇక్కడే ఉంటాను."

ఫోను ఎక్కడిదక్కడ పెట్టింది. ఫ్యూజులు గుచ్చి, మైనస్ తీగ బిగించి, బానెట్ మెల్లగా దించింది. కారును ఆవరణలోనే వదిలేసి, స్టాఫ్‌రూమ్ బీరువాలో దాచుకున్న సర్టిఫికెట్లు సంచిలో వేసుకుంది. గేటు బయట వీణ ఆటో ఆపింది.

"భయ్యా, కశ్మీరీ గేట్ బస్టాండ్ చలో," అంది వాసవి. "డెహ్రాడూన్ బస్సు పట్టుకోవాలి."