పెట్రోలు ఉండగానే ఆగిపోయిన స్కూటరు

నేను ఒక స్కూటర్ని. పాతదాన్ని అంటే నాకు కోపం, పెద్దదాన్ని అనండి. మా కోసం జనం ఏళ్ళ తరబడి కాచుకున్న రోజులవి. నన్ను బుక్ చేసినప్పుడు నా మొదటి యజమాని డ్రాయింగు మాస్టారు బ్రహ్మచారి. నేను గుమ్మంలో దిగేసరికి ఆయన కొడుకు గడ్డం గీసుకుంటున్నాడు! నమ్మకపోతే మానెయ్యండి.

మాస్టారి తరవాత కోటిలింగం గారి చేతికొచ్చాను. ఆయన నన్ను ఆపిన ప్రతిసారీ, ఇంజనుకి పెట్రోలు అందకుండా సీటు కింద నాబు కట్టేస్తారు. అది తిప్పడం మరిచి కిక్కు కొడితే, లోపల మిగిలిన చుక్కలతో కాస్త దూరం పరిగెత్తి చతికిలబడతాను.

మొన్న వేసవిలో వాళ్ళింట్లో పెళ్ళి. మధ్యాహ్నం భోజనాలయ్యాక, మండపం వెనక పెళ్ళికొడుకు స్నేహితులు కూల్‌డ్రింకులో మందు కలిపి ఆయన మనవడు సాకేత్ చేతిలో పెట్టారు. వాడికి పదహారేళ్ళు. "తాగరా, మగాడివి కాదూ?" అన్నారు. ఈ ప్రశ్నకి మీ మనుషులు గ్లాసెత్తి జవాబు చెబుతారెందుకో! పుట్టిందగ్గర్నుంచీ పెట్రోలు తాగుతున్నా, నన్నెవరూ మగాణ్ణనలేదు.

రెండో గ్లాసుకి నేను వాడి కళ్ళకి విమానంలా కనపడ్డాను.

"హన్సీ, ఎక్కవే! హైవే అవతల ఐస్‌క్రీం కొనిపెడతా."

హన్సి వాడి బాబాయి కూతురు, ఆరేళ్ళది. గబగబా వచ్చి ఎక్కి, నా హ్యాండిల్ పట్టుకుని ముందు నిలబడింది. నా ఇంజను జారిపోయింది. హైవే మీద లారీకీ ఆ పిల్లకీ మధ్య ఉండేది నా రేకొక్కటే కదా!

వాడు నాబు తిప్పడం మరిచాడు. బతికించాడు! వంకర్లు పోతూ, బాతుల గుంపుని చెదరగొడుతూ, "అయిపోండమ్మా, అయిపోండి" అని నా చుక్కల్ని నేనే బతిమాలుకుంటూ పోయాను. హైవే ఎదురుగా కనపడుతుండగా దగ్గి దగ్గి ఆగాను.

"అన్నయ్యా, నాబు తిప్పలేదు. తాతయ్య తిప్పుతాడుగా!" అంది హన్సి.

ఓసి నీ తెలివి తగలెయ్య!

సాకేత్ నాబు కోసం వంగాడు. వంగినవాడు వంగినట్టే పెళ్ళి భోజనమంతా రోడ్డు పక్కన కక్కి కూలబడ్డాడు. అంతలో ఓ లారీ దూసుకుపోయింది. ఆ గాలికి హన్సి గౌను ఎగిరింది. వాడు చటుక్కున పిల్లని లాగి పొదివి పట్టుకున్నాడు. మళ్ళీ నాబు జోలికి పోలేదు.

పంచె ఎగ్గట్టి కోటిలింగం గారు పరిగెత్తుకొచ్చారు.

"ఊదరా!"

ఊదాడు.

"లైసెన్సు లేదు, మీసం లేదు, అప్పుడే మందా? పైగా పసిదాన్ని ఎక్కించుకుని! తాగినవాడు బండి ముట్టుకోవచ్చట్రా?"

"తప్పయింది తాతయ్యా. హన్సికి ఏమన్నా అయ్యుంటే..."

ఆయన నాబు తిప్పారు. "రామ్మా, నేను తీసుకెళ్తా."

హన్సి కదల్లేదు. నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ముందు నువ్వూదు తాతయ్యా."

కోటిలింగం గారు ఆకాశం కేసి చూశారు. చెట్ల కేసి చూశారు. నా కేసి మాత్రం చూడలేదు.

"వియ్యంకుడు మరీ బలవంతం చేస్తేనూ... సర్లే, నడిస్తే ఒంటికి మంచిది" అన్నారు.

హ్యాండిల్ తాత పట్టుకుంటే వెనక నుంచి మనవడు తోశాడు. సీటు మీద హన్సి ఒక్కతే దర్జాగా కూర్చుంది. మండపం దాకా, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ "వీళ్ళిద్దరూ తాగారు" అని చెప్పుకుంటూ ఊరేగింది.