నిచ్చెన ఇచ్చి తెచ్చిన పెట్టె

ఇస్త్రీ ఆవిడ పొద్దున్నే లేచి ముందు బొగ్గులు రాజేస్తుంది, ఆ తర్వాతే ఎవరితోనైనా మాట్లాడుతుంది. పెట్టె వేడెక్కిందో లేదో చూడటానికి వేలితో ఓ నీటిచుక్క చిమ్ముతుంది. చుక్క చుయ్‌మని గంతేస్తే పని మొదలు. ఇంటి వాకిట్లో ఆరుబయటే ఆమె బల్ల. ఆ వీధిలో ఆమె మడత గుర్తుపట్టనివాళ్ళు లేరు. అందరిలా అంచుకి అంచు కలిపేసి ఊరుకోదు, వేలెడు గుడ్డ లోపలికి దోపి మళ్ళీ నొక్కుతుంది. అందుకే ఆమె మడతకి ఒక గీత కాదు, వేలెడు ఎడంతో రెండు గీతలు పడతాయి. మడవకుండా ఉండటం మాత్రం ఆమె వల్ల కాదు. ఒకసారి ఇంటికొచ్చిన చుట్టం ముఖం తుడుచుకుంటూ ఉండగానే తువ్వాలు లాక్కుని మడిచేసిందని అత్తగారు ఇప్పటికీ చెప్పి చెప్పి నవ్వుతుంది.

ఆమె భర్త బోర్డులు రాసే పెయింటరు. భుజాన నిచ్చెన లేకుండా అతన్ని ఎవరూ చూసి ఎరగరు కాబట్టి అందరూ నిచ్చెన అనే పిలుస్తారు. అయిదు నెలల కిందట ఎవరింటికో రంగు వేస్తూ రెండో అంతస్తు నుంచి పడ్డాడు. రెండు నెలలు మంచంలోనే ఉన్నాడు. లేచాక నడక బాగానే వచ్చింది కానీ, నిచ్చెన మూడో మెట్టు దాటి కాలు లేవదు. డాక్టరు ఎక్స్‌రే చూశాడు. తర్వాత అతన్ని కిటికీ దగ్గర ఎండలో నిలబెట్టి నేల మీది నీడ కూడా చూశాడు.

"ఎముక బంగారంలా అతుక్కుంది. నీడకే మోకాళ్ళ దగ్గర మడత పడింది. దానికి మా దగ్గర మందు లేదు" అని అదే ముక్క చీటీ మీద రాసిచ్చి, తర్వాతి మనిషిని పిలిచాడు.

ఇంటికి ఎదురుగా నాలుగంతస్తుల గోదాము కొత్తగా లేచింది. దాని డాబా మీద నిలబెట్టిన పెద్ద రేకు బోర్డుకి అక్షరాలు రాయాలి. మేస్త్రీ మంచివాడు, నిచ్చెన కోసం నెల రోజులు పని ఆపాడు. చివరికి వచ్చి, "సోమవారం పరంజా ఎక్కావా, పని నీది. లేకపోతే వేరేవాణ్ణి పెట్టుకుంటా. ఏమీ అనుకోకు" అన్నాడు. ఎక్కలేడని ఒకసారి పేరు పడితే ఆ పెయింటర్ని మళ్ళీ ఎవరూ పిలవరని మొగుడికీ తెలుసు, పెళ్ళానికీ తెలుసు.

బుధవారం నాడు నిచ్చెన భుజాన నిచ్చెనతో పాత సామాన్ల వీధికి వెళ్ళి, నిచ్చెన లేకుండా ఇంటికొచ్చాడు. చేతిలో ఒక ఇత్తడి వస్తువు ఉంది.

"నిచ్చెనేదయ్యా?"

"అదిచ్చి ఇది తీసుకున్నా."

"ఇదేంటి?"

"అమ్మినవాడికీ తెలీదంట" అన్నాడతను, అదేదో దాని గొప్పయినట్టు.

ఆమెకి ఒళ్ళు మండింది. అంతకంటే ముందు గుండె గుభేలుమంది. నిచ్చెన ఇచ్చేశాడంటే మనసులో అప్పటికే దిగిపోయాడన్నమాట. ఆ మాట పైకి అనకుండా వస్తువుని అటూ ఇటూ తిప్పి చూసింది. అడుగు చదును, అద్దంలా నున్నగా ఉంది. పైన మూత. పక్కన బిరడాతో చిన్న కన్నం. పిడి కూడా ఇత్తడిదే. జానెడు పొడవు, ఎత్తితే పసిపిల్లంత బరువు.

రెండు రోజులు వీధంతా దాని చుట్టే తిరిగింది. టీకొట్టాయన టీ కెటిలన్నాడు. మూలింటి మాస్టారు కళ్ళజోడు సవరించుకుని, కాగితాలు ఎగరకుండా పెట్టే బరువని తేల్చేశారు. బరువుకి మూతెందుకని టీకొట్టాయన అడిగితే, కెటిల్‌కి చదునైన అడుగెందుకని మాస్టారు ఎదురడిగారు. ఇద్దరూ ఆ పూట మాట్లాడుకోలేదు. అత్తగారు మాత్రం దూరం నుంచే చూసి, "ఎక్కడో చూశాను, నోట్లో ఉంది, రావట్లేదు" అంటూ తిరిగింది.

శుక్రవారం ఇస్త్రీ ఆవిడకి తట్టింది. "మూత, లోపల ఖాళీ, చదునైన అడుగు. ఇస్త్రీ పెట్టె కాక ఇంకేముంటుంది? ఇన్నేళ్ళుగా ఇదే పని చేస్తూ గుర్తుపట్టలేకపోయానే!" అని గబగబా నిప్పులు పోసి, మూత వేసి, పిడి పట్టుకుంది. అరచెయ్యి చుర్రుమంది. ఆమె కేకకి అటుగా పోతున్న గిన్నెలకి మాట్లు వేసే తాత ఆగాడు. పెట్టె బోర్లించి, చల్లారాక లోపల గోటితో గీకి చూశాడు.

"ఇది నిప్పు చూసిన ఇత్తడి కాదమ్మా. ఇదిగో తెల్లపొర. ఏళ్ళ తరబడి నీళ్ళు పోస్తే పట్టే పొర. అయినా, నిప్పులు పోసేదానికి ఇత్తడి పిడి పెట్టే తెలివిమాలినవాడు ఎవడుంటాడు?"

"నిప్పులు తప్ప నాకింకోటి తోస్తేగా తాతా!" అంది ఆమె, చేతిని చన్నీళ్ళలో ముంచుకుంటూ.

ఆదివారం ఎండ గోదాము దాటి వాకిట్లోకి వచ్చేసరికి పదకొండయింది. ఆమె పెట్టెలో కుండనీళ్ళు పోసి, కన్నానికి బిరడా బిగించి, మాస్టారి చొక్కా మీద ఒకసారి లాగింది. చొక్కా ముడతలు చొక్కాకే ఉన్నాయి. కానీ పక్కన నిలబడి చూస్తున్న నిచ్చెన చేతి నీడ ఆ చొక్కా మీద పడింది. నలిగినట్టుండే ఆ నీడ, పెట్టె పోయినంత మేరా సాపుగా, నల్లగా అయింది.

"అబ్బ! భుజం పట్టు వదిలింది" అన్నాడు నిచ్చెన.

"అదీ! నీడల పెట్టె!" అని అత్తగారు చప్పట్లు కొట్టింది. "మా పెద్దమ్మ వాళ్ళింట్లో ఉండేది. నీళ్ళు పోస్తారని ముందే ఎవరైనా అంటే, నేనూ చెప్పేదాన్నిగా!" అని పప్పు మాడుతోందని లోపలికి వెళ్ళిపోయింది.

ఇస్త్రీ ఆవిడ నేల మీద తెల్ల దుప్పటి పరిచి మొగుణ్ణి అంచున నిలబెట్టింది. నీడ చదునుగా పరుచుకుంది. తల నుంచి మొదలుపెట్టి నడుం దాకా లాగింది. మోకాళ్ళ దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది.

అక్కడ వేలెడు ఎడంతో రెండు గీతలున్నాయి.

మూడు నెలలుగా ఆ నీడని ఆమె దగ్గరగా చూడలేదు. చూడబుద్ధి కాలేదు. ఇప్పుడంతా గుర్తొచ్చింది. రెండు నెలల తర్వాత అతను మొదటిసారి మంచం దిగి, కిటికీ పట్టుకుని నిలబడిన సాయంత్రం. నీడ మంచం మీది దుప్పటి నిండా పడింది. ఆమె దుప్పటి తీసి మడిచింది.

"నేనేనయ్యా" అంది తలెత్తకుండా. "ఈ మడత నాది."

నిచ్చెన తల వంచి ఆ రెండు గీతల వైపు చూశాడు.

"తెలియక మడిచానంటే అబద్ధం. నీడ కనపడుతూనే ఉంది. నువ్వు లేచి నిలబడగానే నాకు సంతోషం కంటే ముందు భయమేసింది. మళ్ళీ ఎక్కుతావు, మళ్ళీ పడతావు అని. కింద ఉంటే చాలనిపించింది. గట్టిగా నొక్కాను కూడా."

ఆమె కళ్ళనీళ్ళు దుప్పటి మీద పడ్డాయి. పెట్టె పక్కన పెట్టేస్తే రేపు అతను కిందే ఉంటాడు, ఎప్పటికీ కిందే ఉంటాడు. ఆ ఆశ ఇంకా చావలేదని తెలిసి ఆమెకి తన మీద తనకే సిగ్గేసింది.

"పైనుంచి పడేటప్పుడు నాకూ భయమేసింది" అన్నాడు నిచ్చెన. "కానీ కిందున్న ఈ మూడు నెలలు ఇంకా ఎక్కువ భయమేసింది. నీ మడత విప్పడం నీకు తప్ప ఎవరికీ రాదు. కానివ్వు, కాళ్ళు పీకుతున్నాయి."

ఆమె ముక్కు చీదుకుని, నీళ్ళు మార్చి, లోపలికి దోపిన వేలెడు నీడని గోటితో మెల్లగా పైకి లాగింది. దాని మీద పెట్టె పెట్టి రెండు చేతులతో నొక్కింది. మొదట ఒక గీత పోయింది. రెండోది పోవడానికి మధ్యాహ్నమైంది.

సోమవారం నిచ్చెన పరంజా ఎక్కాడు. మూడో మెట్టు దగ్గర ఒక్క క్షణం ఆగి, నాలుగో మెట్టు మీద కాలు పెట్టాడు. ఇస్త్రీ ఆవిడ పైకి చూడలేదు. బల్ల మీద మాస్టారి దుప్పటి పరుచుకుని తన పని చేసుకుంటూ ఉండిపోయింది. పదకొండింటికి గోదాము నీడ వాకిలి దాకా వెనక్కి తగ్గింది. దాన్ని దాటి, ఒక మనిషి నీడ సరిగ్గా దుప్పటి మీదికి వచ్చింది. కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడ్డ నీడ. దాని చెయ్యి ఏదో అక్షరాన్ని మెల్లగా చుట్టి తెస్తోంది.

మాస్టారు వచ్చారు. "ఇంకా మడవలేదేంటమ్మా?"

"కాసేపు కూర్చోండి మాస్టారూ. మా ఆయన పని మీదున్నాడు."

మాస్టారు దుప్పటి వైపు చూసి, సరేనని స్టూలు లాక్కుని పేపరు తెరిచారు. ఇస్త్రీ ఆవిడ రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, ఎండ జరిగేదాకా అలాగే నిలబడింది.