ముక్కులో రెండు చుక్కలు

కొత్తపేటకి కూతవేటు దూరంలో ఉన్న ఆ ఊళ్ళో, సీతారత్నం ఉండే వీధిలో, ఆవిడ కాళ్ళ మీద నీళ్ళు పోయించుకోకుండా పెరిగిన పిల్లంటూ లేదు. ఎవరింట్లో పురుడొచ్చినా ముందు కబురు ఆవిడకే వెళ్ళేది. పీట వాల్చుకుని, కాళ్ళు బారజాపి, పసిగుడ్డుని వాటి మీద బోర్లా వేసుకుని నలుగు పెడుతుంటే, అంతదాకా ఇల్లెగిరిపోయేలా ఏడ్చిన పిల్ల కూడా కళ్ళు మూతలు పడి ఊరుకునేది. మొత్తం ముప్ఫయ్యారు మందని ఆవిడ లెక్క. మొగుడు అప్పారావు మటుకు ఎవరైనా అడిగితే "ముప్ఫై దాకా ఉంటారండి" అనేవాడు, కావాలనే. ఆ మిగతా ఆరుగురి పేర్లూ, వాళ్ళ తల్లుల పేర్లూ వరసగా అతను ఒప్పజెప్పేదాకా సీతారత్నం అన్నం వడ్డించేది కాదు.

అలాంటి మనిషికి సొంత కూతురు శిరీష ఆడపిల్లని కని ఇంటికొస్తే ఎలా ఉంటుంది? కాళ్ళు నేల మీద ఆనితేగా. అల్లుడు సత్యప్రసాద్ కువైట్‌లో ఉద్యోగం. అతని తల్లి బేబి గారిది దిండి. పేరుకి బేబి అయినా వయసు అరవైకి దగ్గర పడింది, నోరు మాత్రం ఇంకా పడుచుదే. కోడలికి పురుడు తామే పోస్తామని ఆవిడ పట్టుబడితే, "తొలికాన్పు పుట్టింట్లోనే కదండీ వదినగారూ, పైగా ఈ చేతుల్లో ముప్ఫయ్యారు మంది పెరిగేరు" అని సీతారత్నమే నెగ్గింది. నెగ్గి ఊరుకుందా అంటే అదీ లేదు, ఆ మాట వీధి వీధంతా చెప్పుకుంది.

శిరీష పద్ధతి గల పిల్ల. ఆపరేషన్ చేసిన డాక్టరమ్మ ఇంటికి పంపేటప్పుడు చెప్పిందంతా ఫోన్లో రాసుకొచ్చింది. ఇంటికి రాగానే అమ్మనీ, నాన్ననీ, అత్తగారినీ ఎదురుగా కూర్చోబెట్టింది. తల్లిపాలు తప్ప పిల్ల నోట్లో ఏమీ వెయ్యకూడదు, ముక్కులో చెవుల్లో నూనె పొయ్యకూడదు, సాంబ్రాణి పొగ పట్టకూడదు. "ముగ్గురూ మాటివ్వండి" అంది.

"ఆయ్, అలాగే" అన్నారు ముగ్గురూ.

మన వైపు ఆయ్ అంటే వినబడిందని అర్థం, చేస్తామని కాదు. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, ఆ మాత్రం తెలిసుండాలి. పాపం, నమ్మింది.

మర్నాడు నీళ్ళు పోస్తుంటే చిన్ని ముక్కు గురగురలాడింది. పేరు పెట్టేదాకా పిల్లని చిన్ని అనే పిలుస్తున్నారు. గురగురలాడే ముక్కుని వదిలేసి లేవడమంటే సీతారత్నానికి కూర పోపు పెట్టకుండా దించేసినట్టు. గుమ్మం వైపు చూసింది. శిరీష లోపల మంచం మీద కునుకు తీస్తోంది. సొంత కాయ కొట్టి ఆడించిన కొబ్బరినూనె, గోరువెచ్చగా పక్కనే ఉంది. దూది ముంచి ఆ ముక్కులో రెండు చుక్కలు, ఈ ముక్కులో రెండు చుక్కలు వేసింది. చిన్ని గట్టిగా తుమ్మింది. "అదిగో, ఎంత హాయిగా ఉందో నా తల్లికి" అని మురిసిపోయింది. అలా అయిదు రోజులు చేసింది.

పదకొండో రోజున పురుడని చుట్టాల్ని పిలుచుకున్నారు. బేబి గారు దిండి నుంచి ముందు రోజే దిగారు. తీరా ఆ రోజు పొద్దున్న చిన్ని పాలు తాగలేదు. దగ్గింది. ఊపిరి తీస్తుంటే డొక్కలు ఎగరేస్తోంది. రొమ్ము పట్టేసిందని సీతారత్నం చూడగానే పోల్చుకుంది. వచ్చిన చుట్టాలు వచ్చినట్టు వాకిట్లోనే నిలబడిపోతే, పక్కింటి సత్తియ్య కారులో నలుగురూ పిల్లనెత్తుకుని అమలాపురం పిల్లల ఆసుపత్రికి పరుగెత్తారు.

డాక్టరు మురళీమోహన్ కుర్రాడే గాని నెమ్మదస్తుడు. పిల్లని చూశాడు, ఎక్స్‌రే ఫొటో తీయించాడు, న్యుమోనియా అన్నాడు. అద్దాల గదిలో పెట్టి, ముక్కుకి సన్నటి గొట్టంతో గాలి పెట్టారు. తర్వాత బయటికొచ్చి ఒక్కొక్కటే అడిగాడు. ఇంట్లో ఎవరికైనా జలుబుందా? పొగ పట్టేరా? ముక్కులో నూనె గానీ వేసేరా?

"లేదండీ" అని శిరీషే టక్కున అంది. "మా అమ్మకి ముందే చెప్పేను. ఆవిడ వెయ్యదండి."

సీతారత్నం నోరు తెరిచింది. పక్కన బేబి గారు ఉన్నారు. మూసేసింది.

ఆ రోజంతా వరండాలో బెంచీ మీద కూర్చుని తనకి తాను సర్దిచెప్పుకుంది. నూనె వేసింది ముక్కులో, జబ్బు చేసింది రొమ్ముకి, దానికీ దీనికీ ఏమిటి సంబంధం? ముప్ఫయ్యారు మందికి వెయ్యలేదా? అందరూ దుక్కల్లా లేరూ? పదకొండో రోజని ఇంటికి వచ్చేపోయే జనం ఎక్కువయ్యారు, ఎవడో జలుబు మనిషి ముద్దు పెట్టుకుని ఉంటాడు. ఇలా ఎంత చెప్పుకున్నా కాఫీ గ్లాసులోనే చల్లారిపోయింది.

ఈ గొడవలో కూడా నవ్వుకోడానికి ఒకటి దొరికింది. నర్సు బయటికొచ్చి "బేబీ ఆఫ్ శిరీష" అని పిలిచినప్పుడల్లా బేబి గారు చటుక్కున లేచి నిలబడేవారు. "ఆయ్, నేనేనండీ. అత్తగారినండీ." రెండోసారి నర్సు నవ్వేసింది. మూడోసారికి వరండాలో వాళ్ళంతా ఆవిడ లేస్తుందా లేదా అని చూడ్డం మొదలెట్టారు.

మర్నాడు పదిగంటలకి డాక్టరు అందర్నీ తన గదిలోకి పిలిచాడు. మొహంలో నవ్వు లేదు.

"మందులకి లొంగాల్సినంత లొంగలేదండి. ఫొటోలో కుడి పక్క పైన మచ్చ ఉంది. నాకేదో తేడాగా ఉంది. గుండెలో ఏమైనా లోపం ఉందేమో కూడా చూడాలి. అంబులెన్సులో కాకినాడ పంపిద్దామనుకుంటున్నాను. దారిలో కొంచెం కష్టమే, కానీ కారణం తెలియకుండా ఇక్కడ పెట్టుకుని కూర్చోలేను."

శిరీష మొహం తెల్లబోయింది. కుట్ల నొప్పికి గోడ పట్టుకు నడుస్తున్న పిల్ల, ఆ మాటకి గోడ వదిలేసి నిటారుగా నిలబడింది. "పదండి, నేనూ వస్తాను" అంది.

సీతారత్నానికి ఇంక కూర్చోడానికి వీల్లేకపోయింది. చెబితే వియ్యపురాలి ముందు తల ఎత్తుకోలేదు, వీధిలో మొహం చెల్లదు, కూతురు జన్మలో నమ్మదు. చెప్పకపోతే పన్నెండు రోజుల పిల్ల, ముక్కున గొట్టంతో, కాకినాడ దాకా ఆ గతుకుల్లో వెళ్తుంది, లేని గుండెజబ్బు వెతికించుకోడానికి.

"డాక్టరు గారండీ" అంది లేచి. "నూనె వేసేనండి. నేనే. కొబ్బరినూనె. రోజూ రెండేసి చుక్కలు, అయిదు రోజులు. మా అమ్మాయికి తెలీదండి."

శిరీష తల్లి వైపు తిరిగింది. ఇంక బేబి గారి వంతని సీతారత్నం కళ్ళు మూసుకుంది. తిట్లు పడతాయనుకుంది. ఎంతసేపటికీ పడలేదు.

"అదీ..." అన్నారు బేబి గారు, పమిట చెంగు మడతలు పెడుతూ. "డాక్టరు గారూ, ఏడో రోజున చూడ్డానికొచ్చినప్పుడు నేను వసకొమ్ము అరగదీసి నాలిక్కి రాసేనండి. మాటలు తొందరగా వస్తాయని. వదినగారు పెరట్లో ఉన్నారు. రవ్వంతేనండి."

డాక్టరు కాగితం ముందుకి లాక్కుని రాసుకున్నాడు. "ఇంకేమైనా ఉన్నాయా?"

అప్పారావు దగ్గాడు. "తేనె నాకించేనండి" అన్నాడు. "వేలితో, ఒక్కసారే. నవ్విందండి."

"నాన్నా" అంది శిరీష. ఏడవాలో నవ్వాలో తెలీక కుర్చీలో కూలబడింది. డాక్టరు మాత్రం కలం పక్కన పెట్టి, ఆ రెండ్రోజుల్లో మొదటిసారి కుదురుగా ఊపిరి పీల్చుకున్నాడు.

"ఇది చెప్పినందుకు సంతోషమండి. ముక్కులో వేసిన నూనె కడుపులోకే పోతుందనుకుంటారు. పసిపిల్లలకి ఊపిరితిత్తుల్లోకి జారిపోతుంది. అక్కడ పేరుకుంటే మామూలు మందులకి కదలదు. నిన్ననే అనుమానమొచ్చి అడిగేను, లేదన్నారు. ఇప్పుడు ఫొటో కూడా దానికి సరిపోతోంది. కాకినాడ ఇప్పుడే వద్దు. మందు మార్చి రెండ్రోజులు చూద్దాం. నెమ్మదిగానే తగ్గుతుంది."

సీతారత్నానికి అక్కడితో ఊరుకుంటే బావుండేది. ఊరుకుంటే ఆవిడ సీతారత్నం ఎలా అవుతుంది? "మరి ఆ ముప్ఫయ్యారు మందికీ ఏం కాలేదు కదండీ" అంది, వినీ వినబడనట్టు.

"కాలేదని మీకెలా తెలుసమ్మా?" అన్నాడు డాక్టరు, కోపం లేకుండానే. "దగ్గొచ్చినవాళ్ళని మీ దగ్గరికి తీసుకురారు. నా దగ్గరికి తెస్తారు."

ఆ మాట సూటిగా వెళ్ళి తగిలింది. బెంచీ మీదకొచ్చి కూర్చున్నాక సీతారత్నానికి ఆ ముప్ఫయ్యారు మందిలో ఒకడు, మూలింటి సాయి కిరణ్ గుర్తొచ్చాడు. పుట్టిన నెలలోనే ఇరవై రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. చల్లగాలి తగిలిందన్నారు అప్పుడు. తనూ అదే అంది, పైగా పిల్లాణ్ణి గాలికి తిప్పారని వాళ్ళమ్మని కేకలేసింది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

ఆ తర్వాత నాలుగు రోజులు శిరీష తల్లితో ఒక్క మాట మాట్లాడలేదు. క్యారేజీ తెస్తే తినేది, మంచినీళ్ళిస్తే తాగేది, కళ్ళు మాత్రం కలిపేది కాదు. సీతారత్నం చిన్ని దగ్గరికి వెళ్దామని అద్దం తలుపు మీద చెయ్యి వేస్తే చాలు, లోపల్నుంచి శిరీష అలా చూసేది. చెయ్యి దానంతటదే వెనక్కొచ్చేది. పగలూ రాత్రీ పిల్ల పక్కన కాపలా కాస్తున్నట్టు కూర్చుంది ఆ పిచ్చిపిల్ల, తన తల్లి నుంచి కాపలా. నిద్రలేక కళ్ళ కింద నల్లటి చారలు కట్టాయి. కాసేపు పడుకోమ్మా అని నర్సులు బతిమాలినా వినలేదు.

బయట బెంచీ మీద వియ్యపురాళ్ళిద్దరూ బడిలో దెబ్బలు తిన్న పిల్లల్లా పక్కపక్కన కూర్చునేవారు. పూర్వం ఒకరి మీద ఒకరు ఒంటికాలి మీద లేచేవాళ్ళు. ఇప్పుడు ఒక ఇడ్లీ పొట్లం ఇద్దరూ పంచుకుంటున్నారు.

"మీరు లేచి చెప్పకపోతే నేను చచ్చినా చెప్పేదాన్ని కాదు వదినగారూ" అన్నారు బేబి గారు ఒకసారి.

"మీరు తిడతారనే కదండీ ఒక రోజు ఆలస్యం చేసేను" అంది సీతారత్నం. కళ్ళనీళ్ళు తిరిగాయి. "ఆ ఒక్క రోజులో దానికేమైనా అయ్యుంటే?"

"అవ్వలేదుగా. తినండి, చల్లారిపోతున్నాయి."

నిజంగానే అవ్వలేదు. మూడో రోజుకి డొక్కలెగరెయ్యడం ఆగింది. నాలుగో రోజు గొట్టం తీసేశారు. చిన్ని పాలు తాగి, ఒళ్ళు విరుచుకుని, ఆసుపత్రి మొత్తానికి వినబడేలా ఒక ఏడుపు ఏడ్చింది. వరండాలో అప్పారావు కువైట్‌కి ఫోను కలిపి, ఆ ఏడుపు అల్లుడికి వినిపించాడు. అల్లుడు అటువైపు ఏడ్చాడు.

అయిదో రోజు మధ్యాహ్నం సిస్టరు భవానీదేవి తలుపు తీసింది. పిల్లని రొమ్ముకి ఆనించి, ఒంటికి ఒళ్ళు తగిలేలా గంటలకొద్దీ పట్టుకుంటే తొందరగా కోలుకుంటుందిట. పొద్దుట్నుంచి శిరీష అలాగే పట్టుకుని కూర్చుంది. కుట్లు లాగేస్తున్నాయి.

"ఇంక మీ వల్ల కాదమ్మా. ఇద్దరు పెద్దవాళ్ళున్నారు కదా, ఒకళ్ళకిద్దాం. ఎవర్ని రమ్మంటారు?" అంది సిస్టరు.

బెంచీ మీద బేబి గారు సర్దుకుని కూర్చున్నారు. సీతారత్నం తల వంచుకుని చెప్పుల వైపు చూసుకుంది. అడిగే హక్కు తనకి లేదు, ఆశ మాత్రం చావలేదు.

"అమ్మని రమ్మనండి" అంది శిరీష.

చేతులు రెండుసార్లు కడిగించారు, గాజులు తీయించారు, ముందు వైపు తెరుచుకునే ఆకుపచ్చ గౌను తొడిగించారు. కుర్చీలో కూర్చున్నాక సీతారత్నం చేతులు వెనక్కి పెట్టుకుంది. "నాకొద్దమ్మా. నా చెయ్యి తగిలితే మళ్ళీ ఏమవుతుందో. మీ అత్తగారికియ్యి" అంది. చిన్నితో కలిపి ముప్ఫయ్యేడు మందిని కాళ్ళ మీద తిరగేసి బోర్లించిన మనిషి భయంతో బిగుసుకుపోయింది.

శిరీష పిల్లని ఎత్తి తల్లి గుండెల మీద పడుకోబెట్టింది. తల్లి చేతిని తనే పట్టుకుని చిన్ని వీపు మీద ఆనించింది.

"నాకిచ్చిన మాట తప్పేవు. అది నేను మర్చిపోను" అంది. "కానీ అందరి ముందూ లేచి చెప్పింది నువ్వే కదమ్మా. ఇప్పుడు ఏదైనా తేడా వస్తే కూడా చెప్తావు. నాకంతే కావాలి."

సీతారత్నం రెండో చెయ్యి కూడా పిల్ల చుట్టూ వేసింది. రొమ్ము మీద వెచ్చగా, చిన్నగా ఊపిరి తగులుతోంది. దాన్నే లెక్కపెడుతూ కూర్చుంది. సిస్టరు గంటసేపు కదలొద్దంది. ఆవిడ కనురెప్ప కూడా గట్టిగా వెయ్యలేదు.

శిరీష పక్క కుర్చీలోకి వాలింది. ఒకసారి పిల్లని చూసింది, ఒకసారి తల్లిని చూసింది. తర్వాత కళ్ళు మూసుకుని, అయిదు రోజుల నిద్రంతా ఒక్కసారి మీదపడ్డట్టు, నోరు కొంచెం తెరుచుకుని గాఢంగా నిద్రపోయింది.