నస్యం డబ్బాలో గింజలు

వీరేశం అప్పటికే రెండుసార్లు కోడిలా కూశాడు, ఒకసారి మేకలా అరిచాడు. పాప ఇటు చూడలేదు. మంచుకు తడిసిన గడ్డిలో బోర్లా పడుకున్నాడాయన. తల సరిగ్గా కెమెరా కింద ఉంది. ఎడమచేత్తో పళ్లెంలాంటి వెండిరంగు రిఫ్లెక్టర్‌ను ఎండకు వాల్చి పట్టుకుని, కుడిచేత్తో జేబులోంచి నస్యం డబ్బా తీసి గలగలలాడించాడు. అరవై రెండేళ్లొచ్చాక ఇదేం పని అని చూసేవాళ్లు అనుకుంటే అనుకోనీ. ఈ హైటెక్ సిటీ మొత్తంలో ఇంతకంటే మంచి నౌకరీ లేదని ఆయన గట్టి నమ్మకం. అద్దాల మేడల్లో పనిచేసేవాళ్లను పొద్దున్నే ఎవరైనా నవ్వుమొహంతో పలకరిస్తారా? ఆయన్ను పలకరిస్తారు, అదీ పాలపళ్లతో.

గోపన్‌పల్లి దాటాక బండల మధ్య ఇంకా ఏ అపార్ట్‌మెంటూ లేవని గడ్డినేల ఒకటి మిగిలింది. కార్తీకంలో అక్కడి గడ్డి తేనెరంగుకు తిరుగుతుంది. పొద్దున ఆరున్నర నుంచి ఏడున్నర దాకా ఎండ మెత్తగా ఉంటుంది, ఆ తర్వాత మొహాల మీద నీడలు పడతాయి. ఆ గంటలోనే భార్గవి చిన్నపిల్లలున్న కుటుంబాలకు ఫొటోలు తీస్తుంది. ఏడేళ్ల కిందట సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి ఈ పనిలోకి వచ్చింది. అప్పట్లో ఆమె ఉండే అపార్ట్‌మెంటుకు వీరేశం వాచ్‌మన్. ఎవరు ఎత్తుకున్నా ఏడ్చే ఆమె కొడుకు, గేటు దగ్గర వీరేశాన్ని చూస్తే మాత్రం కిలకిలా నవ్వేవాడు. అది చూసి ఆయన్ను తన పనిలోకి తెచ్చుకుంది. పిల్లలందరూ తాతా అంటుంటే ఆమెకూ తాతా అనడమే అలవాటైపోయింది.

రాత్రి కాపలా తప్పించిందని వీరేశం ఆమెను తలుచుకోని రోజు లేదు. అసలు ఆయన తలుచుకుని దండం పెట్టనిదేముంది కనుక. నానక్‌రామ్‌గూడలో షేర్ ఆటో ఎక్కితే, ముందు సీటు దొరికినందుకు దండం. దొరక్కపోతే వెనక నలుగురి మధ్య ఇరుక్కుని చలి వేయలేదని దండం. మోకాలు నొప్పి పుట్టినా, రెండోది బాగానే ఉంది కదా అని దానికో దండం. అన్నం మాడినా దండం పెట్టే మనిషని ఆయన భార్య కనకలక్ష్మి వాడకట్టంతా చెప్పి నవ్వుతుంది. మాడింది కూడా బాగానే ఉందంటాడు.

ఈరోజు వచ్చినవాళ్లు మియాపూర్ నుంచి వచ్చారు. నవీన్, అతని భార్య శిరీష, పదహారు నెలల కూతురు యశస్విని, నవీన్ తల్లి అనసూయమ్మ. అనంతపురం వైపు మనుషులు. నలుగురూ ఒకే పసుపురంగు బట్టలు వేసుకొచ్చారు. నవీన్ చెవిలో ఆఫీసు మాట్లాడుతూనే ఉంది, మధ్యమధ్యలో అతను ఊకొడుతూనే ఉన్నాడు. పాప తలకు కట్టిన పువ్వుల పట్టీ కళ్ల మీదికి జారుతోంది. శిరీష దాన్ని పైకి లాగుతుంటే, పాప తల్లిని పట్టించుకోకుండా గడ్డి పీకుతోంది.

యశూ, యశూ అని తల్లి పిలిచింది. నవీన్ చప్పట్లు కొట్టాడు. భార్గవి దుబాయి నుంచి తెప్పించిన కీచుబొమ్మను నొక్కింది. పాప మొహం ఎత్తలేదు. ఎండ పైకి వచ్చేస్తోందని భార్గవి వాచీ చూసుకుంది. అనసూయమ్మకు మాత్రం ఏ బెంగా లేదు. మనవరాలి మంచితనం చెప్పడానికి ఆమెకు ఇంతకంటే మంచి సమయం దొరకలేదు.

“మా పాప మాదిరి నెమ్మదైన బిడ్డ యాడా ఉండదప్పా. మొన్న దీపావళికి మా బ్లాకులో పిల్లోళ్లంతా టపాకాయలకు జడుసుకోని ఏడిస్తే, ఇది మాత్రం హాయిగా నిద్రపోయింది.”

వీరేశం చేతిలో డబ్బా ఆగిపోయింది.

రిఫ్లెక్టర్‌ను బండకు ఆనించి లేచాడు. బట్టలకంటిన గడ్డి దులుపుకుంటున్నట్టు నటిస్తూ పాప వెనక్కి వెళ్లి గొంతుకూర్చున్నాడు. జానెడు దూరంలో డబ్బా గట్టిగా ఊపాడు. పాప గడ్డి పీకుతూనే ఉంది. ఇంకోసారి ఊపాడు. బండ మీది పిట్ట ఒకటి లేచిపోయింది, పాప కదల్లేదు. అప్పుడు చప్పుడు లేకుండా చెయ్యి పక్కకు చాచాడు. ఆ చేతి నీడ పాప ముందున్న గడ్డి మీద పడింది. పడీ పడగానే పాప గిరుక్కున తిరిగి, ఆయన మొహం చూసి నవ్వింది.

ఆ తిరగడం వీరేశానికి తెలుసు. యాభై ఏళ్ల కిందటి నుంచి తెలుసు.

ఆయన తమ్ముడు మొగిలి అలాగే తిరిగేవాడు. తమ్ముడు ఊయలలో ఉన్నప్పుడు తండ్రి పారేసిన నస్యం డబ్బాలో పదకొండు సీతాఫలం గింజలు పోసి, మూత ఊడకుండా ఎర్రదారం చుట్టి ఈ గిలక చేసింది వీరేశమే. ఎంత ఊపినా మొగిలి చూసేవాడు కాదు. మొండివాడన్నారు. పిలిస్తే పలకడని తండ్రి కొట్టాడు, అన్నగా తనూ రెండు తగిలించాడు. వాడికి వినపడదని ఇంట్లోవాళ్లకు అర్థమయ్యేసరికి వాడికి ఆరేళ్లు. అప్పటినుంచి వాడు ఆ డబ్బాను చెంపకు ఆనించుకునేవాడు. గింజలు కదిలితే చెంప మీద గిలిగింతలు పుట్టి ఒకటే నవ్వు. వాడిని నవ్వించడానికే వీరేశం మూతి తిప్పడం, కళ్లు తేలేయడం, చెవులు ఆడించడం నేర్చుకున్నాడు. ఊళ్లో పెద్ద రోడ్డు పడ్డ ఏడాది, పొలం నుంచి వస్తున్న మొగిలిని వెనకనుంచి వచ్చిన లారీ గుద్దేసింది. డ్రైవరు హారన్ కొట్టాడని చూసినవాళ్లంతా చెప్పారు.

వీరేశం డబ్బా జేబులో వేసుకున్నాడు. కెమెరా కిందికి వచ్చి మళ్లీ బోర్లా పడుకున్నాడు. ఈసారి నోటివెంట ఒక్క చప్పుడూ లేదు. కళ్లు తేలేశాడు, బుగ్గలు పూరించాడు, రెండు చెవులూ కుక్కపిల్లలా ఆడించాడు. పాప కళ్లు పెద్దవి చేసుకుని చూసింది. తర్వాత పడీపడీ నవ్వింది. ఆ నవ్వు చూసి శిరీష నవ్వింది, చెవిలోని ఆఫీసును కాసేపు మరిచిపోయి నవీన్ నవ్వాడు, అనసూయమ్మ కొంగు అడ్డం పెట్టుకుంది. కెమెరా ఆగకుండా టకటకలాడింది. ఇంత మంచి ఫొటోలు ఈ ఏడాదిలో రాలేదని భార్గవి గట్టిగానే అంది.

అందరూ సామాన్లు సర్దుకుంటున్నారు. వీరేశం రిఫ్లెక్టర్‌ను ఒక్క మెలికతో మడిచి సంచిలో పెట్టాడు. ఆ మెలిక భార్గవికి ఏడేళ్లుగా ప్రయత్నించినా రాలేదు. సంచి జిప్పు మూసి కూడా ఆయన అక్కడే నిలబడిపోయాడు.

చెబితే నౌకరీ పోతుంది. అందులో అనుమానం లేదు. రెండేళ్ల కిందట ఒకావిడతో, బాబు బక్కగా ఉన్నాడు జర నెయ్యి పెట్టు తల్లీ అన్నందుకు, ఆవిడ ఇంటర్నెట్‌లో పేరాలకు పేరాలు రాసి భార్గవి పరువు తీసింది. పిల్లల గురించి ఇంకొక్క మాట అంటే మరుసటిరోజు నుంచి రానక్కర్లేదని భార్గవి అప్పుడే చెప్పింది. ఈ పని పోతే ఈ మోకాళ్లతో ఆయనకు మళ్లీ గేటు దగ్గర రాత్రి కాపలానే దిక్కు. ఏం చెప్పకుండా కారెక్కితే ఎవరూ అడిగేవాళ్లు లేరు. వచ్చే వారం ఇంకో పాప నవ్వుతుంది. కానీ ఈ పాపను పిలిస్తే పలకదని రేపు ఎవరు కొడతారో.

శిరీష దగ్గరికి వెళ్లి చేతులు కట్టుకున్నాడు.

“తప్పైతే మాఫ్ చెయ్యి బిడ్డా. పాపకు జర చెవులు సూపియ్యి.”

నవీన్ ముఖం మాడిపోయింది. పుట్టినప్పుడే అన్ని టెస్టులూ చేయించామని, అంతా బాగుందన్నారని, మీరేమన్నా డాక్టరా అని అడిగాడు. గొంతు పెంచలేదు, కానీ ప్రతి మాటా ముల్లులా ఉంది. మా వంశంలో అందరికీ మాటలు లేటేనని అనసూయమ్మ అందుకుంది. పండగలా వచ్చినవాళ్లకు ఇదేం అపశకునపు మాటని గొణిగింది. భార్గవి పరుగున వచ్చి వాళ్లకు క్షమాపణ చెప్పింది. వీరేశం తల వంచుకుని నిలబడ్డాడు. శిరీష మాత్రం పాపను భుజాన వేసుకుని ఆయన్నే చూస్తోంది.

“మీకెలా తెలుసు?” అంది చివరికి.

“మా తమ్ముడు గిట్లనే నీడకు తిరిగేటోడు బిడ్డా. మాకెవ్వలు చెప్పలే.”

తిరుగుదారిలో భార్గవి నానక్‌రామ్‌గూడ మలుపులో ఆయన్ను దించి, రేపటి సంగతి ఫోన్ చేస్తానంది. రేపు రావద్దని మొహం మీద చెప్పలేక అలా అంటున్నదని ఆయనకు అర్థమైంది. ఏడేళ్లు అన్నం పెట్టిన చెయ్యి అది, ఏమనుకుంటాడు. కారు వెళ్లేదాకా నిలబడి, అలవాటు కొద్దీ దండం పెట్టాడు. ఇంట్లో కనకలక్ష్మి సంగతంతా విని, గ్లాసుడు మజ్జిగ ఇచ్చి, మంచిపనే చేసినవు అంది. ఆవిడ ఆయన్ను మెచ్చుకోవడం ముప్పై ఎనిమిదేళ్లలో ఎన్నోసారో లెక్కపెడితే వేళ్లు చాలా మిగిలిపోతాయి.

ఆ సాయంత్రం భార్గవి కంప్యూటర్ ముందు కూర్చుని, పనికిరాని ఫొటోలు ఏరి తీసేస్తోంది. ఒకచోట చెయ్యి ఆగింది. పాప వెనక వీరేశం డబ్బా ఊపుతున్నప్పుడు, కెమెరా సరిచూసుకుంటూ ఆమె తీసిన ఫొటోలవి. వరసగా పదకొండు. మొదటి తొమ్మిదింటిలోనూ పాప చూపు గడ్డి మీదే ఉంది. మూడో ఫొటోలో పిట్ట లేచింది. పదో ఫొటోలో పాప ముందు చెయ్యి నీడ. పదకొండో దాంట్లో పాప నవ్వుతూ వెనక్కి తిరిగి ఉంది. భార్గవి వాటిని ముందుకీ వెనక్కీ చాలాసేపు తిప్పి చూసింది. ఆ పదకొండు ఫొటోలనూ శిరీషకు పంపింది. తర్వాత వీరేశానికి ఫోన్ చేసింది.

“తాతా, రేపు ఐదున్నరకు రెడీగా ఉండు. ఇంకొకటి. నువ్వు చెప్పకపోయుంటే నేను ఇవి చెరిపేసేదాన్ని.”

పదిరోజుల తర్వాత శిరీష భార్గవికి ఫోన్ చేసి ఏడ్చింది. ఆయన చెప్పిందే నిజమైంది. చిన్న వయసులోనే పట్టుకున్నారు కాబట్టి ఆపరేషన్ చేసి చెవి వెనక మిషన్ పెడితే వినపడుతుందని డాక్టర్లు చెప్పారట. అప్పటినుంచి వీరేశం వారం వారం పాప సంగతి అడిగేవాడు. మాఘంలో ఆపరేషన్ బాగా జరిగిందని తెలిసిన రోజు, పనిలో ఉండగానే లేచి నిలబడి, ఏ దిక్కుకో కూడా చూసుకోకుండా దండం పెట్టాడు. గిప్పుడు మొగిలిగాడు నన్ను మాఫ్ చేసుంటడు మేడం అన్నాడు.

ఉగాది వెళ్లిన వారానికి, మధ్యాహ్నం పప్పుచారుతో అన్నం తిని, మంచిగున్నదని కనకలక్ష్మికి చెప్పి, నడుం వాల్చాడు. నాలుగింటికి టీ తాగుదువు లెమ్మని ఆవిడ పిలిచింది. లేవలేదు.

శ్రావణంలో యశస్విని రెండో పుట్టినరోజుకు శిరీష మళ్లీ ఫొటోలకు అడిగింది. తాత వస్తాడు కదా అంది. ఫోన్‌లో చెప్పడానికి భార్గవికి నోరు రాలేదు. రండి అని మాత్రం అంది. గడ్డినేల ఇప్పుడు పచ్చగా ఉంది. పక్కన కొత్తగా ఒక క్రేన్ లేచింది. నవీన్ ఈసారి చెవిలో ఏమీ పెట్టుకోలేదు. అనసూయమ్మ చేతిలో పంచె, కండువా ఉన్న సంచి పట్టుకుని, యాడమ్మా ఆ పెద్దాయన అని అటూ ఇటూ చూసింది. భార్గవి అప్పుడు చెప్పింది. అనసూయమ్మ బండ మీద కూలబడి, సంచి ఒళ్లో పెట్టుకుని కళ్లు ఒత్తుకుంది. ఆ రోజు నోరు జారానని, ఎదురుగా ఒక్కసారి చెయ్యెత్తి మొక్కుదామనే వచ్చానని అంది. ఫొటోలయ్యాక నానక్‌రామ్‌గూడ వెళ్లి, ఆ బట్టలు కనకలక్ష్మికే ఇచ్చి మొక్కుదామని నవీన్ తల్లి పక్కన కూర్చుని చెప్పాడు.

పాప అందరికీ వీపు పెట్టి, తడిగడ్డిలో కూర్చుని పువ్వులు కోస్తోంది. రెండు చెవుల వెనకా గులాబీరంగు మిషన్లు. భార్గవి రిఫ్లెక్టర్‌తో కుస్తీ పట్టీ పట్టీ దాన్ని పక్కన పెట్టేసింది. కెమెరా సంచి అడుగు నుంచి నస్యం డబ్బా తీసింది. తాత పోయిన పదకొండో రోజున కనకలక్ష్మి తనే తెచ్చి, ఇది పిల్లల సామాను, మా ఇంట్లె ఎందుకని ఇచ్చింది. భార్గవి కెమెరా వెనకే గడ్డిలో బోర్లా పడుకుంది. డబ్బాను ఒక్కసారి మెల్లగా ఊపింది.

పాప చేతిలో పువ్వు ఆగింది. మెల్లగా తల తిప్పింది.

శిరీష నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. భార్గవి కెమెరా నొక్కడమే మరిచిపోయింది. యశస్విని లేచి, తప్పటడుగులతో వచ్చి, కెమెరా వెనక ఇంకెవరైనా ఉన్నారా అని ఒకసారి తొంగిచూసి, డబ్బాను రెండు చేతులా అందుకుంది. ఊపింది. మళ్లీ ఊపింది. తర్వాత దాన్ని చెవి దగ్గర పెట్టుకుని అలాగే నిలబడింది.

ఆ ఉదయం తీసిన ప్రతి ఫొటోలోనూ పాప చేతిలో ఆ డబ్బా ఉంది, రంగు వెలిసిన ఎర్రదారంతో, లోపల పదకొండు గింజలతో.