రస్టీ రాజ్ చీకటి రోజులు

రత్నరాజు అరవయ్యో ఏట రాక్ అండ్ రోల్ గాయకుడయ్యాడు. అందుకు ఆయన ప్రతిభ కొంత, జలుబు కొంత, చర్చి కీబోర్డు మొరాయించడం చాలావరకు కారణం.

అమెరికాలో, ఫార్మింగ్టన్ హిల్స్‌లోని తెలుగు చర్చిలో ఆ ఏడు క్రిస్మస్ ఆరాధన జరుగుతోంది. రత్నరాజు క్వాయర్ లీడరు. కార్ల విడిభాగాల కంపెనీలో ముప్పై ఏళ్ళు బ్రేకులు పరీక్షించి, ఆ సెప్టెంబరులోనే రిటైరయ్యాడు. మూడు రోజులుగా గొంతు బొంగురుపోయి ఉంది. అయినా సోలో ఇంకొకరికి ఇవ్వడానికి మనసొప్పలేదు. ఆయన పాట ఎత్తుకోగానే, పాస్టరుగారి అమ్మాయి క్రిస్టీ వాయిస్తున్న కీబోర్డులో ఏదో బటన్ ఇరుక్కుపోయింది. నెమ్మదిగా, భక్తిగా సాగాల్సిన పాట కింద దబదబమని రాక్ బీట్ మొదలైంది. క్రిస్టీ కంగారుపడి కనిపించిన బటనల్లా నొక్కింది. నొక్కినకొద్దీ వేగం పెరిగింది. ప్లగ్ పీకుదామని ఒకాయన బల్ల కింద దూరితే క్రిస్మస్ చెట్టు ఆరిపోయింది గాని కీబోర్డు ఆగలేదు.

మొదలుపెట్టిన పాట మధ్యలో ఆపడం రత్నరాజు ఎరగడు. బీట్ ఎటు పోతే అటు పోయాడు. బొంగురు గొంతు చీలి గర్జన అయింది. ఎడమ మోకాలు దానంతటదే ఊగడం మొదలుపెట్టింది. ముందు వరుసలో పట్టుచీరలు బిగుసుకుపోయాయి. వెనక వరుసలో ఎమ్మెస్ చదివే కుర్రాళ్ళు బెంచీలెక్కారు. వాళ్ళలో ఒకడు తీసిన వీడియోను సంక్రాంతి లోపు నలభై లక్షలమంది చూశారు.

ఫిబ్రవరిలో డెట్రాయిట్ నుంచి డేల్ అనే మేనేజరు వచ్చి సోఫాలో కూర్చున్నాడు. రత్నరాజు గొంతులో తుప్పు ఉందని, అమెరికా ఇప్పుడు ఆ తుప్పు కోసమే మొహం వాచి ఉందని చెప్పాడు. అప్పటికప్పుడు ‘రస్టీ రాజ్’ అని పేరు కూడా పెట్టాడు.

“ముప్పై ఏళ్ళు తుప్పు పట్టకుండా టెస్టులు చేశారు. ఇప్పుడు దాన్నే పేరుగా పెట్టించుకున్నారా?” అంది ఆయన భార్య వసంతకుమారి. ఆవిడ నర్సు. ఆశ్చర్యపడటం ఉద్యోగంలోనే మానేసింది.

పాట మాత్రం రత్నరాజే రాసుకున్నాడు. ‘లాంగ్ వే టు స్టాప్’. అరిగిన బ్రేకులతో తడి రోడ్డు మీద పోయే కారు ఆగడానికి ఎంత దూరం పడుతుందో అందులో ఉన్నదున్నట్టు చెప్పాడు. వినేవాళ్ళకు అది విఫలప్రేమ గీతంగా వినిపించింది. జంటలు కౌగిలించుకుని ఏడ్చాయి. “ఇంతకీ ఆమె ఎవరు?” అని ఒక టీవీ అమ్మాయి అడిగితే, “ముందు చక్రాలు” అన్నాడు. ఎంత గాఢమైన జవాబో అని పత్రికలు మెచ్చుకున్నాయి.

షో చివర గిటారు నేలకేసి కొట్టాలని డేల్ పట్టుబట్టాడు. రత్నరాజు ఒప్పుకోలేదు. పాట అయ్యాక గిటారును మెత్తటి గుడ్డతో తుడిచి, పెట్టెలో పడుకోబెట్టి, రెండు గొళ్ళేలూ వేసి, చేత్తో లాగి చూసుకునేవాడు. ఆ గొళ్ళెం చప్పుడుకే జనం వెర్రెత్తిపోవడం మొదలుపెట్టారు. ఇక దాని దగ్గర మైకు పెట్టించాడు డేల్.

ఒక్కసారి మాత్రం ప్రమాదం తప్పింది. జలుబు చూడలేక వసంతకుమారి మిరియాల కషాయం కాచి ఇచ్చింది. మర్నాటికి గొంతు తేటపడింది. డేల్ తెల్లబోయి, ఆవిడ చేతులు పట్టుకుని, ఇంకెప్పుడూ అలాంటి పని చేయొద్దని బతిమాలుకున్నాడు. రెండు షోలు అరిచేసరికి గొంతు మళ్ళీ బొంగురుపోయింది.

రెండేళ్ళలో బార్లు దాటి థియేటర్లు, థియేటర్లు దాటి స్టేడియాలు వచ్చాయి. టూరు బస్సు కదిలేముందు రస్టీ రాజ్ టార్చి పట్టుకుని బస్సు కిందకు దూరి బ్రేకులు చూసేవాడు. రాక్ స్టార్లకు ఇలాంటి పిచ్చి ఏదో ఒకటి ఉంటుందని డ్రైవరు సర్దుకుపోయాడు.

అప్పుడు ఆయన జీవితం మీద డాక్యుమెంటరీ తీయడానికి ఇషా వచ్చింది. అమెరికాలోనే, పార్సిప్పనీలో పుట్టి పెరిగిన తెలుగమ్మాయి. కెమెరా పెట్టించి, నోట్‌బుక్ తెరిచి, మొదటి ప్రశ్నే సూటిగా అడిగింది.

“అంకుల్, మీ డార్క్ పీరియడ్ ఎప్పుడు ఉంది?”

“అంటే ఏంటమ్మా?”

“అదే... డ్రగ్స్, జైల్, డివోర్స్. అందరికీ మిడిల్‌లో అది వస్తుంది. తర్వాత కమ్‌బ్యాక్. అది లేకపోతే స్టోరీ లేదు కదా.”

రత్నరాజు నిజాయితీగా ఆలోచించాడు. “తొంభై తొమ్మిదిలో స్పీడింగ్ టికెట్ వచ్చింది.”

“ఎంత స్పీడ్?”

“ముప్పై అయిదు లిమిట్ ఉన్నచోట నలభై ఒకటి.”

ఇషా ఏమీ రాసుకోలేదు. వసంతకుమారి వైపు తిరిగింది. “ఆంటీ, అంకుల్ ఏమైనా తీసుకుంటాడా?”

“బీపీ మాత్ర. అదీ నేను గుర్తు చేస్తేనే.”

ఇషా కళ్ళు మెరిశాయి. ఆ మాత్రల డబ్బా తెప్పించి, కిటికీ తెరలు వేయించి, వణుకుతున్న చెయ్యి డబ్బా మూత తీస్తున్నట్టు నాలుగు వైపుల నుంచి షూట్ చేయించింది. చెయ్యి సరిగ్గా వణకడం లేదని పన్నెండుసార్లు తీయించింది. “కార్‌లో ఎప్పుడైనా పడుకున్నారా?” అని అడిగితే, భార్య చీరల షాపులో ఉండగా తరచూ పడుకుంటానని ఒప్పుకున్నాడు. మర్నాడు ఖాళీ పార్కింగ్ లాట్‌లో, గొట్టంతో వాన కురిపించి, ఆయన్ను వెనక సీట్లో ముడుచుకుని పడుకోబెట్టారు.

చర్చిలోనూ ఇదే గోల. ఆ నెలలో సాక్ష్యాల ఆదివారం ఉంది. దేవుడు తమను ఎలా మార్చాడో సభ్యులు లేచి చెప్పాలి. ఈ విద్యలో బ్రదర్ జూడ్‌ను మించినవాడు లేడు. పదిహేనేళ్ళ కిందట స్టూడెంటుగా వచ్చిన కొత్తలో, కాలేజీలో ఒక సిగరెట్ కాల్చానని చెప్పి ఏడ్చాడు. మూడో ఏటికి అది రోజుకో పెట్టె అయింది. ఆరో ఏటికి గంజాయి అయింది. కిందటేడు చెప్పినదాన్నిబట్టి కాకినాడ రేవు మొత్తం ఆయన చేతిలో ఉండేది. జనం ఏటా ఆయన వంతు కోసం ఎదురుచూసేవాళ్ళు.

మోజెస్ పాస్టరుగారు రత్నరాజును పక్కకు పిలిచారు. “రత్నరాజుగారూ, ఈసారి మీరూ చెప్పాలి. మీరు సెలబ్రిటీ. మీ సాక్ష్యం కొంచెం గట్టిగా ఉండాలి.”

“నాకలాంటివి లేవండీ.”

“ఎవరికీ తెలియని పాపం ఒక్కటైనా ఉండదా?”

“లేదండీ,” అన్నాడు రత్నరాజు. ఆ మాట మరీ త్వరగా వచ్చేసిందని తనకే అనిపించింది.

ఇంటికి వస్తుండగా ఆర్చర్డ్ లేక్ రోడ్డు మీద సిగ్నల్ దగ్గర కోటయ్య గుర్తొచ్చాడు. లైటు ఆకుపచ్చగా మారి, మళ్ళీ ఎర్రబడి, వెనకాల కార్లు హారన్లు కొట్టినా రత్నరాజు కదల్లేదు.

నరసాపురం దగ్గర పల్లెలో ఇద్దరిదీ ఒకే క్వాయర్. ఇద్దరికీ పద్దెనిమిదేళ్ళు. రత్నరాజు బాగా పాడేవాడు. కోటయ్య పాడితే గాలి ఆగేది. ఆ ఏడు క్రిస్మస్‌కు బిషప్‌గారు వస్తున్నారు. సోలో కోటయ్యకు ఇచ్చారు. వారం ముందు రత్నరాజు పాస్టరు అయ్యగారి గదిలోకి వెళ్ళి, కోటయ్య కల్లు తాగడం కళ్ళారా చూశానని చెప్పాడు. చూడలేదు. కోటయ్య కల్లు తాగేవాడే కాదు. ఆ ఆదివారం అందరి ముందూ కోటయ్యను నిలబెట్టి క్వాయర్ నుంచి తీసేశారు. సోలో రత్నరాజు పాడాడు. బిషప్‌గారు మెచ్చి పట్నంలో కాలేజీ సీటు ఇప్పించారు. అక్కడి నుంచి ఇంజనీరింగు, అమెరికా, బ్రేకులు, ఇదంతా.

ముందు భార్యకు చెప్పాడు. ఆవిడ కూర గిన్నెలో గరిటె తిప్పుతూనే అడిగింది.

“ఇన్నేళ్ళూ నాకెందుకు చెప్పలేదు?”

“నువ్వు అడగలేదుగా.”

“అడిగానండీ. పెళ్ళైన కొత్తలో, అంత చిన్న ఊరి నుంచి ఆ కాలేజీలో సీటెలా వచ్చిందని అడిగాను. దేవుడి కృప అన్నారు.”

తరువాత ఇషాకు చెప్పాడు. తన చీకటి రోజు దొరికిందని, నిజంగా జరిగినదేనని చెప్పాడు. ఇషా ఓపిగ్గా విని మొహం చిట్లించింది. “అంకుల్, ఇది చాలా స్మాల్. ఆయన తాగలేదు. మీరు తాగలేదు. ఎవరూ తాగలేదు. నేను ఏం చూపించాలి?”

పాస్టరుగారయితే కంగారుపడ్డారు. “సాక్ష్యం అంటే దేవుణ్ణి ఎరగకముందు చేసింది చెప్పాలండీ. మీరు క్వాయర్‌లో ఉండి, సోలో కోసం చేశారు. ఇది బయటపెడితే మన క్వాయర్‌ను ఎవరు నమ్ముతారు? జూడ్‌లాగా ఏదైనా మామూలు పాపం చెప్పండి.”

ఇక మిగిలింది కోటయ్య. పిన్నిగారి అబ్బాయి ద్వారా నంబరు సంపాదించి, ఒక శనివారం పొద్దున్నే ఫోన్ చేశాడు. కోటయ్య ఐసు ఫ్యాక్టరీలో నలభై ఏళ్ళు పనిచేసి ఇంటిపట్టున ఉంటున్నాడు.

“ఎవరూ?”

“నేనురా, రత్నాన్ని. అమెరికా నుంచి.”

“ఓ, గెంతుతుంటావు కదా. మా మనవరాలు ఫోన్లో చూపించింది. మోకాలికేమైంది?”

రత్నరాజు జరిగినదంతా చెప్పాడు. చెబుతున్నంతసేపూ అవతల టీవీ మోగుతూనే ఉంది. చెప్పడం పూర్తయ్యాక ఎవరో దాన్ని ఆపేశారు.

“నువ్వేనని నాకు అప్పుడే తెలుసురా,” అన్నాడు కోటయ్య. “అయ్యగారి కిటికీ కింద ఉన్నాను. పాట కాగితం కోసం వచ్చాను.”

“మరి అబద్ధమని చెప్పలేకపోయావా?”

“ఎవరికి చెప్పను? మీ నాన్న సంఘపెద్ద. మా నాన్న గంట కొట్టేవాడు.”

“నన్ను క్షమించరా కోటయ్యా.”

“ఫోన్లో గొణిగితే సరిపోద్దా? నన్ను ఆదివారం పూట, అందరి ముందూ తీసేశారు. నువ్వూ ఆదివారం పూటే చెప్పు. నా పేరు పెట్టి చెప్పు.”

సాక్ష్యాల ఆదివారం జూడ్ కూర్చోగానే రత్నరాజు లేచాడు. పాస్టరుగారు కళ్ళతోనే వారించారు. జూడ్ ఈసారి జైలు నుంచి తప్పించుకున్నాడు కాబట్టి సభ మంచి ఊపులో ఉంది. కోటయ్య పేరు, ఊరు, సోలో, అబద్ధం, కాలేజీ సీటు, అన్నీ రత్నరాజు చెప్పాడు. స్టేడియంలో లేని వణుకు అక్కడ వచ్చింది. ఇషా చూసి ఉంటే పన్నెండుసార్లు తీయించే పని తప్పేది. చెప్పడం పూర్తయ్యాక కొంతసేపు ఎవరూ ‘ఆమెన్’ అనలేదు. ఇంకా ఏదో వస్తుందని ఎదురుచూసినట్టున్నారు.

“అంతేనా?” అని జూడ్ పక్కవాణ్ణి అడగడం ఆయనకు వినిపించింది. పాస్టరుగారు చప్పున మైకందుకుని, ఈరోజు భోజనంలో గోంగూర మటన్ ఉందని ప్రకటించారు.

ఆరాధన ఇంటర్నెట్‌లో లైవ్ వస్తుంది. రత్నరాజు కారెక్కకముందే కోటయ్య ఫోన్ చేశాడు.

“విన్నాను. కల్లు అన్నావేంట్రా?”

“కల్లేగా?”

“అయ్యగారితో సారా అన్నావు. తాగి, క్వాయర్ అంగీతోనే వీధిలో పడిపోయాడన్నావు. కిటికీ కింద విన్నాను కదా. నలభై ఏళ్ళలో నీకది కల్లు అయిపోయింది.”

రత్నరాజు కారు తలుపు పట్టుకుని నిలబడిపోయాడు. సారా. అంగీ. రెండూ ఇప్పుడు గుర్తొస్తున్నాయి.

“అవున్రా. సారాయే.”

“అదీ చెప్పు మరి.”

తర్వాతి ఆదివారం మళ్ళీ లేచి అదీ చెప్పాడు. రత్నరాజుగారు రెండో భాగం రిలీజ్ చేశారని చర్చిలో నవ్వుకున్నారు. క్వాయర్ లీడర్ పదవి నుంచి తప్పుకుంటానంటే కమిటీ ససేమిరా అంది. ఆయన బొమ్మతో పోస్టర్లు అప్పటికే అచ్చయ్యాయట.

వేసవిలో డాక్యుమెంటరీ విడుదలైంది. అందులో చీకటి రోజులు పదిహేడు నిమిషాలు. మాత్రల డబ్బా, వాన, వెనక సీటు. కోటయ్య ఊసు ఎక్కడా లేదు. రస్టీ రాజ్ నరకం చూసి తిరిగొచ్చాడని విమర్శకులు కన్నీళ్ళు పెట్టుకున్నారు. మాత్రల డబ్బా బొమ్మ వేసిన టీ షర్టులు అమ్ముడుపోయాయి. ఇది భరించలేక రత్నరాజు చికాగో షోలో పాట ఆపి, “అవి బీపీ మాత్రలు” అని మైకులో చెప్పాడు. ఇరవై వేలమంది గొంతు కలిపి “బీపీ! బీపీ!” అని అరిచారు. అది ఏ మత్తుమందుకు మారుపేరో అని మర్నాడు ఇంటర్నెట్‌లో పెద్ద చర్చ జరిగింది.

కోటయ్యతో మాత్రం మాటలు ఆగలేదు. శనివారం శనివారం మాట్లాడుకుంటున్నారు. క్షమించావా అని అడిగినప్పుడల్లా “చూద్దాం” అంటాడు కోటయ్య. చేపల ధర చెబుతాడు. ‘లాంగ్ వే టు స్టాప్’ రెండో చరణంలో శ్రుతి తప్పుతున్నావని తప్పు పడతాడు. అది నిజమే, డేల్ జీతమిచ్చి పెట్టిన నలుగురు వాద్యగాళ్ళలో ఎవరూ పట్టుకోలేదు.

క్లీవ్‌ల్యాండ్ షో ఇంకాసేపట్లో మొదలవుతుందనగా, మేకప్ గదిలో కూర్చుని రత్నరాజు ఫోన్లో అడిగాడు. “ఒరే, ఆ సోలో ఒక్కసారి పాడరా.”

“ఇప్పుడు గొంతెక్కడుందిరా,” అంటూనే కోటయ్య ఎత్తుకున్నాడు. ఐసు పొగకు అరిగిపోయిన గొంతు. మధ్యమధ్య దగ్గు. రెండు పాదాలు నడిచి, పైకి లేవాల్సిన చోట ఆగిపోయింది.

“పై స్వరం అందట్లేదు,” అన్నాడు. కాస్త ఊపిరి తీసుకుని, “ఆ రోజు నువ్వూ అందుకోలేదులే. బయట గోడ దగ్గర నిలబడి విన్నాను” అన్నాడు.

తలుపు తోసుకుని డేల్ వచ్చాడు. బయట జనం అప్పుడే కాళ్ళతో నేల దడదడలాడిస్తున్నారు.

“వెళ్ళరా,” అన్నాడు కోటయ్య. “నిన్ను పిలుస్తున్నారు.”