ఆవకాయకు వదిలిన రెండు పేజీలు

"చివర్లో రెండు పేజీలు నీకు వదిలాను వసూ. ఆవకాయ కొలతలూ, నోముల విధానాలూ రాసెయ్యి. ఆడపిల్లలకు పనికొస్తాయి," అన్నారు రామ్మోహనరావు కాఫీ గ్లాసు అందుకుంటూ. సగం బాగుచేసిన గోరుచిక్కుళ్ళు వదిలేసి వచ్చి కాఫీ ఇచ్చిన వసుమతి, అలవాటు కొద్దీ "సరేనండీ" అంది.

డెబ్బయ్యేళ్ళు నిండుతున్నాయని వచ్చే నెల ఆయనకు భీమరథ శాంతి. వచ్చినవాళ్ళకు స్టీలు డబ్బాలకు బదులు పుస్తకం పంచాలని ఆయన కోరిక. పేరు 'నా బాట, నా విలువలు'. మనవలూ మునిమనవలూ చదివి బాగుపడాలట. నిజాయితీ, క్రమశిక్షణ, సమయపాలన, ఒక్కోదానికి ఒక్కో అధ్యాయం. ఆయన సోఫాలో కళ్ళు మూసుకుని చెప్పడం, ఈవిడ రాయడం. సమయపాలన మధ్యలో ఆయన గుర్రు పెడితే లేచేదాకా కలం పట్టుకుని కూర్చుంది కూడాను. పెళ్ళయిన కొత్తలో ఆయన ఆఫీసు కాగితాలు ఫెయిర్ చెయ్యడంతో మొదలైన ఈ పని, నలభై ఐదేళ్ళయినా తెమల్లేదు. "మా ఆవిడ చేతిరాత ముత్యాలే" అని ఆయన నలుగురిలో అంటే ఒకప్పుడు పొంగిపోయేది, పిచ్చిది.

నిన్న 'త్యాగం' అధ్యాయం. "నా భార్య కుటుంబం కోసం ఉద్యోగాన్ని స్వచ్ఛందంగా వదులుకుంది." ఆ వాక్యమూ తనే ముత్యాల్లా రాసి, పోపు మాడుతోందని లేచి వెళ్ళింది. గరిట పట్టుకున్నాక గానీ తనేం రాసిందో తెలియలేదు. స్వచ్ఛందంగానా? టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పర్మనెంటయిన ఉద్యోగం. అప్పటికి బాబుకు రెండేళ్ళు. "కోడలు ఊరందరితో హలో హలో అంటుంటే నా మనవడికి అన్నం పెట్టేదెవరు?" అన్నారు అత్తగారు. మర్నాడే ఆయన రాజీనామా రాసి తెచ్చి, "ఫెయిర్ చెయ్యి" అన్నారు. కన్నీళ్ళు పడి అక్షరాలు చెదిరితే, విసుక్కోకుండా ఇంకో తెల్లకాగితం ఇచ్చారు. ఇప్పుడీ పుస్తకం మనవరాలు దివ్యశ్రీ చదువుతుంది. నానమ్మే ఇష్టపడి మానేసింది కదా అని, రేపు ఆ పిల్ల ముందు ఎవరు కాగితం పెట్టినా సంతకం చేస్తుంది. అది తలుచుకుంటే వసుమతికి ఒళ్ళు మండిపోయింది.

గోరుచిక్కుళ్ళు పక్కన పడేసి రెండు పేజీలూ రాసింది. తీసుకెళ్ళి మైత్రీవనం వెనక డీటీపీ షాపులో బిందుకిచ్చింది. సిరిసిల్ల నుంచి వచ్చిన ఆ అమ్మాయే పుస్తకమంతా టైపు చేస్తోంది. చేస్తూ చేస్తూ బిందు పైకి చదివింది: "దివ్యా, నేను ఉద్యోగం వదల్లేదు. నాచేత వదిలించారు. రాజీనామా మీ తాతయ్య రాశారు, నేను అందంగా ఎత్తిరాశాను. నీ రాత బాగుందని ఎవరైనా మెచ్చుకుంటే, ముందు నీచేత ఏం రాయిస్తున్నారో చదువుకో."

బిందు ఒక్క క్షణం ఆగి వసుమతి వైపు చూసింది. అన్ని అధ్యాయాల్లాగే దీన్నీ సార్ వాట్సప్‌కి పంపింది. ఐదు నిమిషాల్లో ఫోను.

"అమ్మా, సార్ మస్తు గరమైతుండు. మీకే ఇయ్యమంటుండు."

"ఏంటిది వసూ? ఆవకాయ ఏదీ? నలుగురిలో నా పరువేం కావాలి? తీసెయ్యమను!"

"అందులో అబద్ధం ఏదన్నా ఉందా అండీ?"

"నిజమైతే మాత్రం? పిల్లలకు నేర్పేవి ఇవా? అయినా అది నా పుస్తకం."

"నిజమే. మీదే," అంది వసుమతి. ఫోను బిందు చేతికిచ్చేసింది.

"జర చెప్పుండ్రి, తీసెయ్యాల్నా అమ్మా?"

"తీసెయ్యి. 'త్యాగం'లో నా గురించి ఉన్న వాక్యం కూడా తీసెయ్యి. ఈ రెండు పేజీలూ వేరే ఫైల్లో పెట్టు. అట్ట మీద నా పేరు వెయ్యి."

"రెండు పేజీలకు అట్టెందుకమ్మా? పిన్ను కొడితే సాలదా?"

వసుమతి స్టూలు దగ్గరకు లాక్కుని కూర్చుంది.

"రెండు మీ సార్ వదిలినవి. నా లెక్క వేరే. నువ్వు టైపు చెయ్యి, నేను చెబుతాను."